టాబ్లెట్‌లో నోట్స్‌కి ఏ ఆప్: ఆరు వారాల డైరీ

1వ రోజు

ఇదెందుకు మొదలైందో ముందు చెప్పేస్తా. పాత టాబ్లెట్‌లో రెండేళ్లుగా ఒకే ఆప్‌లో రాసుకుంటూ వచ్చా, పేరు చెప్పను. పోయిన నెల అప్‌డేట్ అయ్యాక, పాత నోట్‌బుక్కులో ఇంకో పేజీ కలపాలంటే ప్లాన్ కొనమంది. సరే, ఉన్నవన్నీ బయటికి తీసుకుని పోదామంటే అన్నీ ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చేసే దారి లేదు. ఒక్కో నోట్‌బుక్కూ తెరవాలి, మెనూలోకి వెళ్లాలి, పీడీఎఫ్ అని నొక్కాలి, ఎక్కడ దాచాలో చూపించాలి, మళ్లీ వెనక్కి. అలాంటివి 43. ఒక సెలవు రోజు మొత్తం దానికే పోయింది. తీరా చూస్తే రెండు పీడీఎఫ్‌లలో రూళ్ల గీతలున్నాయి గానీ నా రాత లేదు.

ఇలా నాకొక్కరికే అయిందని కాదు. ఐప్యాడ్ నోట్స్ ఆప్ నోటబిలిటీ 2021 నవంబరులో, ఒకసారి కొంటే చాలు అన్న పద్ధతి నుంచి చందా పద్ధతికి మారినప్పుడు జనం గోల పెడితే, ముందే కొన్నవాళ్లకి ఉన్న సదుపాయాలు తీసెయ్యబోమని ఆ కంపెనీ వెంటనే చెప్పాల్సొచ్చింది. ఎవర్‌నోట్ అనే ఇంకో నోట్స్ ఆప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాని 50 నోట్లకి, ఒక్క నోట్‌బుక్కుకి కుదించింది. రేపు ఆప్ మాట మారిస్తే నా కాగితాలు నా చేతికొస్తాయా అని రెండేళ్ల కిందట నాకు తట్టనే లేదు. పెన్ను బాగా నడుస్తోంది, రంగులు బాగున్నాయి, అంతే, మొదలెట్టేశా.

ఇప్పుడు చేతిలో ఉన్నది 11 అంగుళాల శామ్‌సంగ్ టాబ్లెట్, దాని ఎస్ పెన్. ఆ పెన్ను ఈఎంఆర్ రకం, తెర వెనకున్న పొర నుంచే దానికి కరెంటు అందుతుంది కాబట్టి రాయడానికి పెన్నులో బ్యాటరీ అక్కర్లేదు. పని మూడు రకాలు: ఎలక్ట్రానిక్స్ పార్ట్‌టైమ్ కోర్సు నోట్సు (సర్క్యూట్ బొమ్మలు, లెక్కలు), ఆఫీసు మీటింగులు, పీడీఎఫ్ పుస్తకాల మీద గీతలు. నా రాత సగం తెలుగు, సగం ఇంగ్లిషు, చాలాసార్లు ఒకే వాక్యంలో రెండూ.

ఐప్యాడ్ వాళ్లు గుడ్‌నోట్స్, నోటబిలిటీ అని రెండు పేర్ల మధ్య కొట్టుకుంటారు. ఆండ్రాయిడ్‌లో లిస్టు ఇంకా చెదురుమదురుగా ఉంటుంది. నేను వేసుకున్నవి: టాబ్లెట్‌తో పాటే వచ్చిన శామ్‌సంగ్ నోట్స్, వన్‌నోట్, స్క్విడ్, ఓపెన్ సోర్స్‌ది సేబర్, రాతని టైపు అక్షరాలుగా మార్చే నెబో, ఇంకా అబ్సిడియన్. అబ్సిడియన్ అసలు చేతిరాత ఆప్ కాదు, కానీ ఎక్స్‌కాలిడ్రా అనే ప్లగిన్ (ఆప్‌కి తగిలించే అదనపు ముక్క) వేసుకుంటే బొమ్మలు గీయొచ్చన్నారు, చూద్దాం.

3వ రోజు

ఊరికే గీకి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే ఒక పరీక్ష పేజీ తయారు చేసుకుని దాన్నే ఆరు ఆప్‌లలో రాశా. పది లైన్ల తెలుగు (ఒత్తులు ఎక్కువున్న మాటలు ఏరి పెట్టా: శాస్త్రం, రాష్ట్రం, సూక్ష్మం, స్త్రీ), మూడు లైన్ల ఇంగ్లిషు, ఒక సమీకరణం, ఒక ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) సర్క్యూట్, ఒక పట్టిక.

అరచెయ్యి ఆనితే గీత పడటం అన్న సమస్య ఎక్కడా రాలేదు. ఈ పెన్నుతో వేలి స్పర్శ వేరు, పెన్ను స్పర్శ వేరు అని టాబ్లెట్‌కి స్పష్టంగా తెలుస్తుంది. 'వేలితో రాయడం' అన్న సెట్టింగు ఆపేస్తే చాలు. కొన్ని ఆప్‌లలో అది మొదట్లో ఆన్‌లో ఉంటుంది, అదొక్కటి చూసుకోవాలి.

తమాషా అంతా తెలుగు దగ్గర మొదలైంది. ఒక ఆప్‌లో గీత చివర పెన్ను కాస్త ఆపి పట్టుకుంటే అది సరైన ఆకారంగా మారుతుంది, వంకర గుండ్రం కాస్తా చక్కటి వృత్తం అయిపోతుంది. బొమ్మలకి బంగారం. కానీ నేను రాస్తూ రాస్తూ ఆలోచించడానికి ఆగేది సరిగ్గా మాట చివర, మాట చివర ఉండేదేమో సున్నా. 'శాస్త్రం' రాసి ఆగా. సున్నా కంపాస్‌తో గీసినట్టు కూర్చుంది, పక్కనున్న నా వంకర టింకర అక్షరాల మధ్య బొట్టు బిళ్లలా. నాలుగైదు లైన్లయ్యాక చూస్తే పేజీ నిండా బిళ్లలే. ఇంకో ఆప్‌లో గజిబిజిగా గీకితే కింద ఉన్నది చెరిగిపోయే సౌకర్యం ఉంది. 'ఝ' రాశా. నా 'ఝ' దానికి గీకుడులా కనిపించినట్టుంది, ముందు రాసిన అక్షరంతో సహా మాయం. రెండూ సెట్టింగుల్లో ఆపేయొచ్చు, ఆపేశా. కాకపోతే ఈ సౌకర్యాలు చేసినవాళ్ల బల్ల మీద గుండ్రటి లిపి ఎప్పుడూ లేదని అర్థమవుతుంది.

4వ రోజు

నిన్న రాసిన పేజీలు చూస్తే అన్నిట్లోనూ ఒకటే ఇబ్బంది, పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుళ్లకి, దీర్ఘాలకి గుద్దుకుంటున్నాయి. మొదట నా చేతిరాతనే తిట్టుకున్నా. తర్వాత లెక్క వేశా.

కాలేజ్ రూల్డ్ అని ఉండే టెంప్లేట్‌లో గీతకీ గీతకీ మధ్య 7.1 మిల్లీమీటర్లు, వైడ్ రూల్డ్‌లో 8.7. అది కాగితం మీద కొలత. నా టాబ్లెట్ 16:10 తెర, నిలువుగా పట్టుకుంటే వెడల్పు 148 మిల్లీమీటర్లు. ఏ4 పేజీ వెడల్పు 210. అంటే ఏ4 పేజీ తెర మీద 70 శాతానికి కుంచించుకుపోతుంది, 7.1 కాస్తా 5 మిల్లీమీటర్లవుతుంది. ఐదు మిల్లీమీటర్లలో 'స్త్రీ' రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, కింద తావత్తు, దాని పక్కనే రావత్తు. ఇంగ్లిషులో కిందికి దిగే అక్షరాలు అయిదారే, అవి కూడా కాస్త దిగి ఆగుతాయి. మనకి ప్రతి రెండో మాటకీ కింద ఇంకో అంతస్తు ఉంటుంది.

విచిత్రం ఏంటంటే ఏ5 పేజీ వెడల్పు సరిగ్గా 148. కాబట్టి ఏ5 సైజు పెట్టుకుంటే పేజీ తెర మీద అసలు కొలతలోనే కనిపిస్తుంది. లిబ్రే ఆఫీస్ డ్రాలో ఏ5 పేజీ తీసుకుని 10 మిల్లీమీటర్లకొక లేత బూడిద రంగు గీత గీసి, ఎడమ పక్క 20 వదిలి, పీడీఎఫ్‌గా తీసి, దాన్నే టెంప్లేట్‌గా పెట్టుకున్నా. పేజీకి 19 లైన్లు వస్తాయి. తక్కువే, కానీ టాబ్లెట్‌లో పేజీలకేం కరువు. రాత ఒక్కసారిగా బాగుపడింది. నా చేతిరాత బాగోదని ఇన్నాళ్లూ అనుకున్నదాంట్లో సగం రూళ్ల తప్పే.

సొంత టెంప్లేట్ పెట్టుకోనివ్వని ఆప్ నాకొద్దు. ఇది లిస్టులో మొదటి షరతు.

8వ రోజు

మీటింగులకి, క్లాసులకి మార్చి మార్చి వాడుతున్నా. అబ్సిడియన్‌లో చేతిరాత నాకు కుదరలేదు. ఎక్స్‌కాలిడ్రా బొమ్మలకి చాలా బాగుంది గానీ పేజీలకి పేజీలు రాసేందుకు కాదు. టైపు చేసిన నోట్సుకి మాత్రం అది ఉండాలనిపిస్తోంది, ఎందుకంటే అందులో ప్రతి నోటూ మామూలు టెక్స్ట్ ఫైలు, ఒక ఫోల్డరులో ఉంటుంది, ఆప్ లేకపోయినా ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

వన్‌నోట్‌ది అంతులేని పేజీ. ఎటైనా రాసుకుంటూ పోవచ్చు, మెదడుకి తోచినట్టు బాణాలు వేసుకోవచ్చు, మీటింగులో అదే బాగుంటుంది. నా గొడవ వేరే, పేజీకి అంచు లేనప్పుడు పీడీఎఫ్ అనే అంచులున్న దాంట్లోకి మార్చితే ఎక్కడో ఒకచోట కత్తెర పడాల్సిందే. పైగా నోట్‌బుక్కులు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉంటాయి, నా ఫోల్డరులో ఫైళ్లుగా కాదు. కొందరికి అదే సుఖం. నాకు 43 సార్లు నొక్కిన వేలు ఇంకా గుర్తుంది.

11వ రోజు

ఇవాళ విమానం మోడ్ పరీక్ష. టాబ్లెట్‌నీ ఫోన్‌నీ రెండిటినీ నెట్ నుంచి తప్పించి, ఒకే నోటుని రెండు చోట్లా తెరిచి, ఇక్కడో లైను అక్కడో లైను కలిపి, రెండిటికీ నెట్ ఇచ్చా. సింక్ ఉన్న ఆప్ అయితే ఇప్పుడేం చేస్తుంది?

ఒక ఆప్ ఆ రెండు కాపీలూ ఉంచి, పక్కన 'ఘర్షణ' అని రాసిపెట్టింది. అందంగా లేదు, కానీ నిజాయితీ ఉంది. ఇంకోటి ఏ సందేశమూ లేకుండా తర్వాత వచ్చినదాన్ని ఉంచేసి ముందుదాన్ని మింగేసింది. ఇలాంటి పరీక్ష చెయ్యకపోతే ఆర్నెల్ల తర్వాత 'నేనిక్కడ ఏదో రాశానే' అని తల గోక్కునేవాణ్ణి. దాన్ని అక్కడికక్కడే తీసేశా.

12వ రోజు

పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసి 800 శాతం జూమ్ చేసి చూశా. మంచి ఆప్‌లలో అక్షరం అంచు నున్నగానే ఉంది, గీతలు గీతలుగానే వెళ్లాయన్నమాట. ఒకదాంట్లో మాత్రం అంచులు రంపం పళ్లలా ఉన్నాయి, పేజీ మొత్తాన్ని ఫొటో తీసి పెట్టినట్టు. ఫైలు సైజు కూడా చెబుతుంది, అదే పరీక్ష పేజీ ఒకచోట 90 కేబీ, ఇక్కడ 4 ఎంబీ. వెయ్యి పేజీలయ్యాక ఆ తేడా ఏంటో లెక్క వేసుకోండి.

17వ రోజు

అసలు కథ ఇది. వెతకడం.

కోర్సులో ష్మిట్ ట్రిగ్గర్ అనే సర్క్యూట్ గురించి రెండు వారాల కిందట రాసుకున్నా, ఇవాళ కావలసొచ్చింది. సెర్చ్‌లో కొట్టా. ఇంగ్లిషులో రాసుకున్న చోట దొరికింది. తెలుగులో రాసిన చోట, నేను వాడిన ఏ ఆప్‌లోనూ, ఒక్కసారి కూడా దొరకలేదు. ఎందుకో కళ్లారా చూడాలనిపించి, కంప్యూటర్‌లో జోర్నల్++ అనే చేతిరాత ప్రోగ్రాముతో ఓ చిన్న పేజీ రాసి దాచా. దాని ఎక్స్‌ఓపీపీ ఫైలు లోపల ఉండేది కుదించిన ఎక్స్ఎంఎల్ టెక్స్ట్ మాత్రమే, విప్పి చదవొచ్చు. విప్పా. నేను రాసిన 'అ' అక్కడ అక్షరంగా లేదు. ఒక గీత, దాని రంగు, దాని మందం, ఆ తర్వాత అడ్డం కొలత నిలువు కొలత, అడ్డం కొలత నిలువు కొలత అంటూ నూటికి పైగా అంకెలు. ఒక్క 'అ' కి. ఆ అంకెల గుట్టని చూసి ఇది 'అ' అని చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ లిపి నేర్పించిన గుర్తింపు యంత్రం పెట్టాలి. ఇంగ్లిషుకి ఎప్పుడో పెట్టారు. తెలుగుకి పెట్టే ఓపిక నోట్స్ ఆప్‌లు చేసేవాళ్లలో తక్కువమందికే ఉంది.

కానీ ఆ యంత్రం లేదని కాదు. జీబోర్డు కీబోర్డులో తెలుగు చేతిరాత ఉంది. భాషల్లో తెలుగు కలిపేటప్పుడు చేతిరాత అన్నది ఎంచుకుంటే కీల బదులు ఖాళీ గడి వస్తుంది, అందులో పెన్నుతో రాస్తే యూనికోడ్ తెలుగు పడుతుంది. 'ష్మిట్' అని రాశా, మొదటిసారే పట్టుకుంది. 'హిస్టరిసిస్' కి రెండుసార్లు పట్టింది.

దాంతో పద్ధతి తేలిపోయింది. పేజీ అంతా చేత్తో, సిరాగానే. హెడ్డింగు మాత్రం టైపు అక్షరాల్లో. పేజీలో ఏముందో నాలుగైదు మాటలు జీబోర్డు గడిలో రాస్తే చాలు, పెన్ను కింద పెట్టక్కర్లేదు. ఇరవై సెకన్ల పని.

నెబో లాంటివి రాసిందంతా టైపుగా మారుస్తాయి కదా అని అడుగుతారు. పేజీ మొత్తాన్ని మార్చి తప్పులు దిద్దుతూ కూర్చునే ఓపిక నాకు లేదు. నాకు కావలసింది ఆ పేజీ దొరకడం, దొరికాక నా రాత నేను చదువుకోగలను (అర్ధరాత్రి రాసినవి తప్ప).

23వ రోజు

టైపు హెడ్డింగులు పెట్టిన నోట్‌బుక్కుని పీడీఎఫ్ తీసి, కంప్యూటర్‌లో ఆ పీడీఎఫ్‌లో హెడ్డింగు వెతికా. లేదు. కళ్ల ముందు 'శాస్త్రం' అని కనబడుతోంది, వెతికితే సున్నా ఫలితాలు. కాపీ చేసి వేరేచోట అతికిస్తే 'శాసత్ రం' అని పడింది. పీడీఎఫ్ దాచుకునేది అక్షరాలు కాదు, ఫాంటులోని బొమ్మలు, ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి పక్కన ఉంటుంది. ఒత్తు కలిసి ఒకే బొమ్మ అయిపోయిన చోట ఆ పట్టిక సరిగ్గా లేకపోతే ఇలాగే ఉంటుంది, తెరకి బాగుంటుంది, సెర్చ్‌కి చదువు రాదు.

అయితే పీడీఎఫ్ లోపల వెతకడం మీద ఆశ పెట్టుకోకూడదు. ఫైలు పేరులోనే ఉండాలి. పేరు ముందు తేదీ, సంవత్సరం-నెల-రోజు వరసలో (అలాగైతేనే వరసగా నిలబడతాయి), తర్వాత తెలుగులో విషయం.

24వ రోజు

నిన్నటి తెలివికి ఇవాళే దెబ్బ. ఉత్సాహంగా హెడ్డింగు మొత్తం ఫైలు పేరుగా పెట్టబోతే సేవ్ కాలేదు, పేరు చాలా పొడుగంది. అక్షరాలు లెక్కపెట్టా, వందకి కాస్త ఎక్కువ. 255 దాకా ఉండొచ్చు కదా?

255 నిజమే, కాకపోతే అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8 లో (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకి మూడు. గుర్తు అంటే అక్షరం కూడా కాదు, 'శాస్త్రం' మనకి రెండక్షరాలు, లోపల మాత్రం శ, దీర్ఘం, స, పొల్లు, త, పొల్లు, ర, సున్నా అని ఎనిమిది గుర్తులు. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. అంటే ఒక ఫైలు పేరులో 'శాస్త్రం' పదిసార్లు పడితే ఎక్కువ. మొత్తానికి 85 తెలుగు గుర్తులు దాటకూడదు, తేదీ పోను ఇంకా తక్కువ. ఓ ఏడెనిమిది మాటలు. హెడ్డింగు పొట్టిగా పెట్టుకోవడం అలవాటైంది, అదీ మంచిదే.

30వ రోజు

మధ్యలో ఆప్‌తో సంబంధం లేని సంగతి. కాగితంలా గరుగ్గా ఉంటుందని తెర మీద మ్యాట్ పొర వేశా. రాయడానికి నిజంగా హాయిగా ఉంది, జారడం లేదు. కానీ నెలలోపే పెన్ను మొన అరిగి ఒక పక్క చదునైంది, గీత మందం అటూ ఇటూ అవుతోంది. మొన మార్చా. ఇంకో నాలుగు డబ్బాలో ఉన్నాయి. పొర పీకాలా వద్దా అని రోజూ అనుకుంటున్నా, పీకడం లేదు.

ఆడియో రికార్డింగుతో నోట్సు కలిపే సౌకర్యం కూడా చూశా. రాసిన మాట మీద నొక్కితే ఆ క్షణంలో మాట్లాడింది వినిపిస్తుంది. క్లాసుకి అద్భుతం. మీటింగులో మాత్రం అవతలివాళ్లని అడక్కుండా ఆన్ చెయ్యబుద్ధి కాలేదు, అడిగితే మీటింగు స్వరూపమే మారిపోయింది. క్లాసులకే ఉంచుకున్నా.

37వ రోజు

మిగిలింది మూడు: శామ్‌సంగ్ నోట్స్, స్క్విడ్, సేబర్. మనసు సేబర్ వైపు లాగింది. ఓపెన్ సోర్స్, ఆండ్రాయిడ్‌తో పాటు విండోస్, లైనక్స్‌లలోనూ ఉంది, సొంత సర్వర్‌లో పెట్టుకోగల నెక్స్ట్‌క్లౌడ్‌తో సింక్ చేసుకోవచ్చు. నా పాత కష్టానికి సరైన మందు అదే అనిపించాలి. రోజువారీ వాడకంలో మాత్రం చెయ్యి వేరేదాని మీదికే పోయింది. పెన్ను బటన్ నొక్కి తెర ఆఫ్‌లో ఉన్నప్పుడే రాయడం, క్లాసు పీడీఎఫ్ తెరిచి అందులోనే గీయడం, నోట్లన్నీ టిక్కు పెట్టి ఒకేసారి పీడీఎఫ్‌గా దాచడం, ఇవన్నీ శామ్‌సంగ్ నోట్స్‌లో ఆలోచించకుండానే జరిగిపోతున్నాయి. దాని సొంత ఫైలు ఎస్‌డాక్స్, అది వేరే ఆప్‌లలో తెరుచుకోదు, అదీ తెలుసు. టాబ్లెట్ కంపెనీ మారితే ఆప్ వెంట రాదు, అదీ తెలుసు.

తెలిసే తీసుకున్నా. కారణం ఒకటే, ఇన్ని రోజుల్లో నోట్‌బుక్కు ఎక్కడుంటుందన్న లెక్క నా బుర్రలో మారిపోయింది. ఆప్‌లో ఉన్నది చిత్తు. అసలుది పీడీఎఫ్ ఫోల్డరు. ప్రతి ఆదివారం ఆ వారం నోట్లన్నీ ఒక దెబ్బలో పీడీఎఫ్ తీసి, పేర్లు సరిచూసి, ఫోల్డరులో పడేస్తా. ఫోల్డరు కంప్యూటర్‌కీ ఒక బయటి డిస్క్‌కీ కాపీ అవుతుంది. అబ్సిడియన్‌లో ఒకే ఒక్క నోటు విషయసూచికగా ఉంచా, లైనుకొక ఫైలు పేరు, పక్కన పది మాటల్లో అందులో ఏముందో. ఆప్ రేపు ఏం చేసినా నాకు పోయేది గరిష్ఠంగా ఒక వారం నోట్సు.

38వ రోజు

చెప్పడం కాదు, చేసి చూద్దామని ఇవాళ ఆప్ డేటా మొత్తం క్లియర్ చేశా (సింక్ ఆపేసి, లేకపోతే పరీక్షే కాదు). ఖాళీ. వేలు కాస్త వణికిన మాట నిజం. ఫోల్డరులోంచి పీడీఎఫ్‌లు తెచ్చి ఆప్‌లో తెరిస్తే అన్నీ వచ్చాయి, పైన కొత్త సిరాతో రాసుకోవచ్చు. పాత సిరాని లాసోతో (చుట్టూ గీసి ఎంచుకునే పనిముట్టు) పట్టి జరపడం, చెరపడం మాత్రం కుదరదు, అది పేజీలో అచ్చయిపోయింది. కాగితం మీద పెన్నుతో రాసినదీ అంతేగా. నాకు చాలు. బొమ్మలు మళ్లీ దిద్దాల్సొచ్చేవి ఓ పది నోట్లుంటాయి, వాటికి ఎస్‌డాక్స్ ఫైలు కూడా పక్కన దాస్తున్నా.

41వ రోజు

మీటింగు మధ్యలో పోయిన నెల ఏం తేల్చుకున్నామని ఎవరో అడిగారు. సూచికలో రెండు మాటలు కొట్టా, ఫైలు పేరు దొరికింది, పేజీ తెరిచా. అడిగినాయన ఇంకా వాక్యం ముగించలేదు.

పాతవి 43 పీడీఎఫ్‌లకి పేర్లు పెట్టి సూచికలో ఎక్కించే పని సగంలో ఉంది, 19 అయ్యాయి. రాత లేకుండా వచ్చిన ఆ రెండిట్లో ఒకదానికి, పాత టాబ్లెట్ చార్జింగు పెట్టి, ఆప్ తెరిచి, పేజీకొకటి చొప్పున 28 స్క్రీన్‌షాట్లు తీసి పీడీఎఫ్ చేశా. రెండోదాంట్లో 60 పేజీలున్నాయి. ఆదివారం కూర్చోవాలి.